అక్క నేర్చుకున్న రష్యన్

మా అక్క కాజాలు కుడుతుంది. బొత్తాం దూరే చీలిక అంచున పోగులు ఊడిపోకుండా సూదితో ఒక ముడి పక్కన ఇంకో ముడి వేసుకుంటూ పోయే పని అది. మిషన్ మీద అయితే చిటికెలో అయిపోతుంది. కానీ ఖరీదైన కోట్లకు చేతికాజాలే కావాలంటారు పెద్ద దర్జీలు. ఊళ్ళో కుట్టే అలాంటి కోట్లన్నీ తిరిగి తిరిగి మా అక్క ఒళ్ళోకే వస్తాయి. ఎవరెవరి పెళ్ళికోట్లకో కాజాలు కుట్టీ కుట్టీ ఆవిడ చూపుడువేలు జల్లెడ అయిపోయింది.

సైకిల్ షాపు పైన ఒకటిన్నర గది వాళ్ళ ఇల్లు. గదిలో మంచం, కుట్టుమిషన్, కోట్లు తగిలించే ఇనపకడ్డీ. అర గదిలో పొయ్యి, నీళ్ళ డ్రమ్ము. బావది ఐస్ ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ. తెల్లారి వచ్చి, తిని పడుకుంటే మళ్ళీ మధ్యాహ్నం దాటాకే లేవడం. ఆయన పడుకున్నంతసేపూ మిషన్ తొక్కకూడదు కనుక అక్క చేతిపని పెట్టుకుంటుంది. ఆయన అటు మెట్లు దిగగానే ఇటు మిషన్ మొదలవుతుంది. ఒకరు లేచి ఉంటే ఒకరు పడుకుంటారు. పోట్లాడుకోవడానికి కూడా తీరిక లేని కాపురం.

బావ గురించి నేను న్యాయంగా చెబుతానని మాత్రం ఎవరూ ఆశపెట్టుకోవద్దు. పెళ్ళయిన రెండో ఏడే ఆయన రష్యన్ మాట్లాడే ఓ చలిదేశానికి గొట్టాలు వెల్డింగ్ చేసే పనికి వెళ్ళాడు. పదకొండేళ్ళు అక్కడే ఉన్నాడు. మధ్యలో మూడుసార్లు వచ్చాడు, చుట్టపుచూపుగా. పంపాల్సింది పంపేవాడు, ఫోన్ చేయాల్సిన రోజున చేసేవాడు, తప్పు పట్టడానికి సందు ఇవ్వలేదు. పిల్లలు లేరు. ఎలా ఉంటారు మరి, గాలికి పుడతారా? చివరికి నడుం పట్టేసిందని చెప్పి ఓ చలికాలం చివర్లో వచ్చేశాడు. వచ్చినవాడు మూగనోము పట్టినట్టు కూర్చున్నాడు. అన్నం పెట్టమంటాడు, చాలంటాడు, తలుపు వేసుకోమంటాడు. ఇన్నేళ్ళలో మా అక్కతో ఆయన ఆడిన మాటలన్నీ కూడేసినా, సైకిల్ షాపువాడు ఒక పూటలో వాగినంత ఉండవు.

నాకు బడి వంటగదిలో పని. మధ్యాహ్నానికల్లా గిన్నెలు బోర్లించి ఖాళీ అయిపోతాను. ఇంటికి పోయేముందు అక్క దగ్గర కాసేపు కూర్చుంటాను. బావ నిద్రలో ఉంటాడు కాబట్టి ఇద్దరం గుసగుసలాడుకుంటాం. నా నోట్లో నువ్వుగింజ నానదు. అక్కది మాత్రం అడిగినా పలకని రకం. అలాంటిది ఒకరోజు తనంతట తనే అంది.

"నవ్వాడే."

"ఎవరు?"

"మీ బావ. నిద్రలో. నవ్వి ఏదో అన్నాడు."

"కలొచ్చుంటుంది."

"తెలుగులో కాదు. అక్కడి భాషలో."

నేను నమ్మలేదు. నవ్వాడన్న సంగతి నమ్మలేదు, భాష సంగతి కాదు. మర్నాడు నా చెవులతోనే విన్నాను. గోడవైపు తిరిగి పడుకున్న మనిషి, పళ్ళ సందులోంచి కాకుండా గుండెలోంచి వచ్చే గొంతుతో, మెత్తగా, బుజ్జగింపుగా మాట్లాడుతున్నాడు. మధ్యలో ఆగుతున్నాడు, అవతలివాళ్ళు చెప్పేది వింటున్నట్టు. మళ్ళీ నవ్వు. బావకి అలాంటి గొంతు ఒకటుందని నాకు అప్పుడే తెలిసింది. మా అక్కకీ అప్పుడే తెలిసింది, అదీ అసలు బాధ.

"ఎవతో ఉందక్కా," అన్నాను. నేను మెత్తగా చెప్పే మనిషిని కాను.

అక్క సూది ఆపకుండానే, "తోటి పనివాళ్ళతో మాట్లాడకూడదా? ఒక్క గదిలో పదిమంది పడుకునేవాళ్ళట," అంది. పైకి అలా అందిగానీ ఆవిడకి తెలుసుకోవాలని ఉంది. ఇంతకాలం తను ఎదురుచూసింది ఇక్కడికి రావాలని తపించిన మనిషి కోసమా, లేక ఇక్కడి ఊసే లేకుండా ఇంకో ఇంట్లో హాయిగా ఉన్న మనిషి కోసమా? ఆవిడకి కావలసింది ఆ ఒక్క ముక్కే. అడిగితే ఆయన చెప్పడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమే.

ఫోన్‌లో రికార్డు చేసి ఎవరికైనా వినిపిద్దామన్నాను. ఆ చలిదేశంలోనే చదువుకొచ్చిన డాక్టరు ఒకాయన మా బడి వీధిలోనే ఉన్నాడు. అక్క నన్ను కొట్టినంత పని చేసింది.

"నా మొగుడి కల పట్టుకెళ్ళి ఊరందరికీ వినిపిస్తావా? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది."

సరే, ఒక భాష మాటల్ని ఇంకో భాషలోకి మార్చి రాసే యాప్ తెరిచి, ఫోన్‌ని మంచం పక్కన పెట్టి చూశాం. ఆయన గొణుగుడికి అది రాసిన తెలుగు ఇదీ: 'మేకుల పెట్టె మీ మేనత్త సరస్సు.' అక్క చాలా రోజుల తరవాత ఆ పూట కడుపుబ్బ నవ్వింది. నవ్వు బయటికి వినపడకుండా కోటు గుడ్డ నోట్లో కుక్కుకుంది.

ఆ తరవాత కొన్నాళ్ళకి అక్క ఒక పని చేసింది. తనే రష్యన్ నేర్చుకోవడం మొదలుపెట్టింది. మా అక్క! కొరియర్ అబ్బాయి కాగితం మీద సంతకం పెట్టమంటే రెండుసార్లు ఆలోచించే మనిషి. ఫోన్‌లో ఎక్కడో దొరికాయట ఆ పాఠాలు, నిద్రపోయే ముందు హాయిగా వింటూ నేర్చుకునేవి. రాయక్కర్లేదు, చదవక్కర్లేదు. దీపం ఆర్పి పడుకుని ఒళ్ళు వదులు చేసి వింటే చాలట. వెనక వాన చప్పుడు. ఒకామె తెలుగులో ఒక వాక్యం చెబుతుంది, ఇంకొకామె అదే రష్యన్‌లో మూడుసార్లు నెమ్మదిగా అంటుంది. ఆ తెలుగామెని నాకు వినిపించింది అక్క. "ఏదియును జ్ఞాపకముంచుకొనుటకు యత్నింపకుడు. మీ భుజములను సడలించుడు." ఆ తెలుగు కంటే రష్యనే నయం. నేను ఆవిడకి గ్రాంథికమ్మ అని పేరు పెట్టాను.

"యత్నింపకుడు అంటోంది, మరి ఎలా వస్తుందే?" అని ఎగతాళి చేశాను.

"వస్తోంది," అంది అక్క. "పొద్దున్నే లేచేసరికి నాలుక మీద ఏదో ఒక మాట ఉంటోంది, రాత్రి తిన్న వక్కలా."

నిజంగానే వచ్చింది. మొదట పట్టుకున్న మాట ఖోలద్న. చలి అని. బావ నిద్రలో ఎప్పుడూ అనే మాటే అది. తరవాత కూషయ్ అంటే తిను అని తెలిసింది. ఆ తరవాత స్పీ, పడుకో అని. ఒక్కో మాట తెలిసినరోజు నాకు చెప్పేది. చెప్పేటప్పుడు మొహంలో పరీక్ష పాసైనవాళ్ళ వెలుగు ఉండేది, అర్థం చెప్పేసరికి అది ఆరిపోయేది. చలేస్తోందా, తిను, పడుకో. ఇందులో అనుమానపడాల్సింది ఏమీ లేదు. తోటివాడికి జ్వరమొస్తే ఎవరైనా అనే మాటలే. కానీ అక్కకి ఒకసారి టైఫాయిడ్ వచ్చి పది రోజులు మంచం పట్టినప్పుడు ఈయన ఫ్యాక్టరీకి వెళ్తూ అన్న మాట నాకు గుర్తుంది. "తాళం రెండో చెవి ఎక్కడుంది?"

ఇక్కడ ఒక చిక్కు వచ్చి పడింది. పగలంతా నడుం వంచి పనిచేసే మనిషి దీపం ఆర్పి ఒళ్ళు వదులు చేస్తే ఏమవుతుంది? నిద్రపోతుంది. ఆ పాఠాలు చేసినవాళ్ళు ప్రతి పాఠంలో ముందు కొన్ని విడి మాటలు, తరవాత ప్రశ్నలన్నీ వరసగా చెప్పి, జవాబులన్నీ చివర్న పెట్టారు. అక్క ఏ రోజూ సగం దాటి మేలుకోలేదు. దాంతో ఏమైందంటే, మీ పేరేమిటి, మీరెక్కడుంటారు, ఎప్పుడొస్తారు, మీకు ఎంతమంది పిల్లలు — ప్రపంచంలో ఉన్న ప్రశ్నలన్నీ మా అక్కకి రష్యన్‌లో వచ్చేశాయి. జవాబు ఒక్కటీ రాదు. ఈ సంగతి ఆవిడకే తెలియదు. ప్రశ్నలు వస్తే భాష వచ్చినట్టే అనుకుంది పాపం. జవాబులు చెప్పే అలవాటు లేని మనిషితో కాపురం చేసినదానికి ఆ లోటు ఎలా తెలుస్తుంది?

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. ఒక కోటుకి బొత్తాలు కుట్టి పెడుతున్నాను. బావ నిద్రలో కదిలాడు. గొణిగాడు. ఎవరినో బతిమాలుతున్న గొంతు. అక్క సూదిని గుడ్డలో గుచ్చి, మంచం దగ్గరికి వెళ్ళి కింద కూర్చుంది. వద్దని నేను చెయ్యి ఊపాను. నిద్రలో ఉన్న పాముని లేపకూడదని నా భయం. అక్క ఆ రష్యన్ పాఠాలామె గొంతుతోనే, అంత నెమ్మదిగానూ, అంత తియ్యగానూ అడిగింది.

"కగ్దా తీ ప్రియేదెష్ దమోయ్?"

నాకేం అర్థమవుతుంది? కానీ బావకి అర్థమైంది. కళ్ళు తెరవలేదు. మొహం అంతా విచ్చుకుంది. చెయ్యి దుప్పట్లోంచి బయటికి వచ్చి గాలిలో దేన్నో తడిమింది.

"స్కోరా," అన్నాడు. "స్కోరా, రద్నాయా." అని మళ్ళీ గోడవైపు తిరిగిపోయాడు.

నేను అక్క చెయ్యి పట్టుకుని లేపి పొయ్యి గదిలోకి లాక్కెళ్ళాను.

"ఏమడిగావే?"

"ఇంటికి ఎప్పుడొస్తావు అని."

"ఏమన్నాడు?"

నా మొహంలోకి చూసింది. ఆ చూపు నేను మరచిపోలేను. "తెలీదే," అంది. "నాకు అడగడమే వచ్చు."

ఆ రాత్రి మంచం మీద పడుకోలేదట. ముక్కాలిపీట మీద గోడకి ఆనకుండా కూర్చుని, పాఠం మొదటినుంచి చివరిదాకా పెట్టుకుంది. భుజములను సడలించుడు అని గ్రాంథికమ్మ చెబుతూనే ఉందట, అక్క భుజాలు బిగించుకుని వింటూనే ఉందట. ప్రశ్నలన్నీ అయ్యాయి. వాన చప్పుడు కాసేపు. తరవాత జవాబులు మొదలయ్యాయి. "త్వరలోనే వచ్చెదను." స్కోరా, స్కోరా, స్కోరా.

మర్నాడు ఇది నాకు చెబుతూ, "రద్నాయా అన్న రెండో మాట పాఠంలో లేదే," అంది. "ముద్దుపేరని ఆ గొంతే చెప్పింది, దానికి పాఠం అక్కర్లేదులే."

పదకొండేళ్ళు ఫోన్‌లో మా అక్కకి కూడా ఆయన త్వరలో వస్తాననే చెప్పాడు. ముక్కు చీదినట్టు చెప్పి పెట్టేసేవాడు. ఇప్పుడు మా అక్క మంచం మీద, మా అక్క ఉతికిన దుప్పటి కప్పుకుని, ఇంకెవరికో అదే మాట ప్రాణం పెట్టి చెబుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. సాయంత్రం దాకా కదలనని కూర్చున్నాను. బావ లేచాడు, తిన్నాడు, గుమ్మం దగ్గర కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. నేను నోరు తెరిచేలోపల అక్కే అడిగేసింది.

"స్కోరా అంటే త్వరలో అని కదండీ?"

తాడు ముడి దగ్గర ఆయన చేతులు ఆగిపోయాయి. "ఎవరు చెప్పారు?"

"మీరే. నిన్న పడుకుని."

"నీకు రష్యన్ ఎక్కడిది?"

"నేర్చుకున్నాను. ఆవిడెవరండీ?"

కింద సైకిల్ షాపులో ఎవరో గాలి కొడుతున్నారు. ఆయన తలెత్తకుండా బూటుకే చెప్పాడు. "ఇప్పుడు లేదు."

"లేదంటే?"

"పోయింది. నేను వచ్చేసిన చలికాలంలోనే. ఊపిరితిత్తులకి నెమ్ము చేసింది."

"పిల్లలు?"

"లేరు."

"అయితే మీ నడుం నొప్పి..." అంది అక్క. అని, ఆ మాట అక్కడే వదిలేసింది. తరవాత అడిగిన ప్రశ్న ఏ పాఠంలోనూ ఉండదు. "ఆవిడ బతికి ఉంటే వచ్చేవారా?"

ఒక్క అబద్ధం. వచ్చేవాణ్ణి అని ఒక్క ముక్క అంటే చాలు, మా అక్క మిగతా బతుకంతా దాన్ని మడతపెట్టి దాచుకునేది. అనొచ్చుగా! పదకొండేళ్ళు నీళ్ళు తాగినంత సుళువుగా అబద్ధమాడిన పెద్దమనిషికి ఆ సాయంత్రం ఎక్కడలేని సత్యం మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

"వచ్చేవాణ్ణి కాదు," అన్నాడు. "డ్యూటీకి టైమవుతోంది." టిఫిన్ డబ్బా తీసుకుని మెట్లు దిగిపోయాడు.

"బావా, నువ్వసలు మనిషివేనా?" అని నేను పైనుంచి అరిచాను. సైకిల్ షాపువాడు తలెత్తి చూశాడుగానీ బావ చూడలేదు.

అక్కని నాతో రమ్మన్నాను. బట్టలు సర్దమన్నాను. ఆవిడ కడ్డీకి వేలాడుతున్న కోట్లు చూపించి, "ఇవన్నీ ఎవరు కుడతారు?" అంది. చాలా తిట్టాను. ఆయన్ని తిట్టాల్సిన తిట్లన్నీ ఆవిడనే తిట్టాను. కాకి పిల్ల కాకికి ముద్దు, మొగుడు ఎలాంటివాడైనా పెళ్ళానికి ముద్దేనా అని కూడా అన్నాను. ఆవిడ సూదిలోకి దారం ఎక్కించుకుంది. కోపంతో నేను ఆ గడప తొక్కడం మానేశాను.

బావ కొన్నాళ్ళు ఫ్యాక్టరీలోనే, మిషన్లు తుడిచే గుడ్డలు పడేసే గదిలో పడుకున్నాడని తెలిసింది. తన కల ఇంకొకరి చెవిన పడకూడదని. అక్కడా నిద్రలో మాట్లాడాడట. తోటివాళ్ళు చుట్టూ చేరి నవ్వుతుంటే మెలకువ వచ్చిందట. ఇక చేసేది లేక మళ్ళీ ఇంటికే వచ్చి పడుకుంటున్నాడట. అక్క తలుపు తీసిందట, అన్నం పెట్టిందట. ఇదంతా నాకు చెప్పింది సైకిల్ షాపువాడు.

నేను మళ్ళీ వెళ్ళేసరికి ఎండలు మండిపోతున్నాయి. బడికి సెలవులు. రేకుల వేడికి గది కొలిమిలా ఉంది. ఫ్యాను వేడిగాలినే తిప్పి తిప్పి కొడుతోంది. బావ బనీను తడిసిపోయి పడుకుని ఉన్నాడు. అక్క ఎప్పటిలాగే ఒళ్ళో కోటు పెట్టుకుని కూర్చుంది. పక్కనే ఫోన్, చెవిలో పెట్టుకునే తీగ.

"ఇంకా వింటున్నావా ఆ పాడు పాఠాలు?" అన్నాను.

"సగం నుంచి పెడుతున్నాను," అంది. "మొదటి సగం వచ్చుగా."

ఎందుకని అడగబోతున్నాను. మంచం మీద బావ కదిలాడు. కనుబొమలు ముడిపడ్డాయి, ఎవరి గురించో బెంగపడుతున్నట్టు. "త్యెబ్యే ఖోలద్న?" అన్నాడు. ఆ గొంతే. ఆ మెత్తటి గొంతే.

అక్క కోటు పక్కన పెట్టింది. వంగి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, "న్యెత్," అంది. "మ్న్యే తిప్లో."

బావ మొహం తేటపడింది. పెద్ద బరువు దించుకున్నవాడిలా నిట్టూర్చి, చంటిపిల్లాడిలా నిద్రలోకి జారిపోయాడు. అక్క నుదుటి చెమట కొంగుతో తుడుచుకుని మళ్ళీ సూది తీసుకుంది.

"ఏమంటున్నాడే?" అన్నాను.

"చలేస్తోందా అని అడిగారు. లేదు, వెచ్చగానే ఉందన్నాను."

"ఎవరనుకుని అడిగాడో తెలుసా నీకు? ఆ చచ్చినదాన్ని అడిగాడే! నిన్ను కాదు!"

"మెల్లగా మాట్లాడు, లేస్తారు," అంది అక్క. దారం కొస పళ్ళతో తెంపింది. "తెలుసు. లేచి ఉన్నప్పుడు నన్నెవరు అడిగారే?"